బేరం తెలిసిన రెప్ప

పోయిన వారం మనం గోవిందమ్మను ఆపరేషన్ థియేటర్ తలుపుకు అడ్డంగా నిలబెట్టి వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా ఆమె అక్కడే ఉంది, కొంగు నడుముకు దోపుకుని, చేతిలో గుడ్డసంచి పట్టుకుని. ఆమెకు ఎదురుగా చక్రాల కుర్చీలో కోడలు ఇంద్రాణి. ఒంటి మీద ఆకుపచ్చ గౌను, ఎడమ రెప్ప మీద డాక్టరమ్మ పెన్నుతో గీసిన గీత. కుర్చీ వెనక నర్సు ఆరోకియమేరి. ఇక గోవిందమ్మ కొడుకు దీపన్ సంగతంటారా? తల్లి వైపు చూడాలో భార్య వైపు చూడాలో తేలక, గోడకు అంటించిన నోటీసును శ్రద్ధగా చదువుతున్నాడు. అది చేతులు కడుక్కోమని చెప్పే నోటీసు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. తమిళనాడులో వేలూరు పక్కనున్న గుడియాత్తం బజారులో లుంగీల కొట్టు వీళ్ళది. ఇంద్రాణికి పుట్టినప్పటి నుంచి ఎడమ రెప్ప వాలి ఉండేది. మూడేళ్ళ కిందట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరు దాన్ని పైకెత్తి కుట్టాడు. ఎత్తాడు గాని, కాస్త ఎక్కువే ఎత్తాడు. అప్పటి నుంచి ఆ కన్ను మూతపడడం మానేసింది. నిద్రలో కూడా సగం తెరుచుకునే ఉంటుంది. పొద్దున లేచేసరికి కంట్లో ఇసుక పోసినట్టు మంట. కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీద గీతలు పడుతున్నాయనీ, ఇలాగే వదిలేస్తే చూపుకే ముప్పనీ వేలూరు ఆసుపత్రిలో డాక్టర్ కవిప్రియ చెప్పింది. రెప్పను విప్పి, దించి, మళ్ళీ కట్టాలి. ఈసారి కూడా కుదరకపోతే మూడోసారి చేయడం చాలా కష్టమన్న సంగతి కూడా ఆమె దాచలేదు.

ఆ కంటికి ఇంకో కథ కూడా ఉంది. ఇంద్రాణి ఎంత నవ్వుతూ మాట్లాడినా ఆ ఒక్క కన్ను మాత్రం ఎదుటివాళ్ళను ఉరిమి చూస్తున్నట్టే ఉంటుంది. లుంగీ ధర విన్న గిరాకీ "తగ్గించమ్మా" అనబోయి, ఆ కన్ను చూసి, తెరిచిన నోరు మూసుకునేవాడు. పొన్నై రైతులు, మేల్పాడి పెళ్ళివాళ్ళు, ఎంతటి మొండి బేరగాళ్ళైనా సరే, చెప్పిన ధర చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు. కొత్త ఇళ్ళకూ కొట్లకూ దిష్టి తగలకుండా గుడ్లురిమే బొమ్మను కడతారే, మా కొట్టుకు దాన్ని దేవుడే కట్టించాడని గోవిందమ్మ బజారంతా చెప్పుకునేది. "సొంత కోడల్ని దిష్టిబొమ్మ అంటావామ్మా?" అని దీపన్ ఒకసారి అడిగితే, "మెచ్చుకుంటా ఉండాను రా" అంది.

అలాంటి కన్నును దించుతారంటే ఆమె ఊరుకుంటుందా?

"లెయ్యి. ఇంటికి పోదాం" అంది గోవిందమ్మ తలుపు వదలకుండా. "గుడియాత్తం నుంచి ఈడిదాకా నిలబడుకునే వచ్చినా. బస్సులో సీటు గూడా దొరకలా. ఈ ఆపరేసన్ వద్దు."

"కొట్టు గురించా అత్తా?"

"కొట్టు గురించే! ఎందుకు దాచాల? ఆ కన్ను వచ్చినాక ఒక్కడన్నా బేరమాడినాడా? రేపు దాన్ని దించేస్తే పొద్దస్తమానం గొంతు చించుకోవాల్సింది నేనే గదా."

అప్పుడే చేతులు తుడుచుకుంటూ కవిప్రియ బయటికి వచ్చింది. ఆమె అమ్మగారి ఊరు ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పొన్నై. అందుకే ఇంద్రాణితో తమిళం మానేసి మొదటి రోజు నుంచీ తెలుగులోనే మాట్లాడుతోంది.

"ఏం అవ్వా, నా పేషంటును ఎత్తుకొని పోతా ఉండావా?"

"నేను అవ్వనా నీకి?" అని గోవిందమ్మ ఆమె మీదికి తిరిగింది. "నాకింకా మనవడు గూడా పుట్టలా!"

దీపన్ నోటీసును మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు.

ఇంద్రాణి చేయి చాచి అత్త చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. "అత్తా, కొట్టు కోసమైతే నువ్వు ఇంత దూరం నిలబడుకుని రావు. నీ కొడుక్కి ఫోన్ చేసి అరిచి పెట్టేసేదానివి. నిజం చెప్పు."

గోవిందమ్మ దోపుకున్న కొంగు తీసి ముఖం తుడుచుకుంది. బస్సులో పట్టిన చెమట అనుకోవాలని ఆమె కోరిక, మనమూ అలాగే అనుకుందాం.

"మొదటిసారి గూడా నవ్వుతానే పోయినావు" అంది చివరికి. "కట్టు ఇప్పినాక అద్దం చూసుకుని ఏడ్చినావు. ఆ కన్ను ఏడ్చేదానికి గూడా మూతపడలా. నేను అది మర్చిపోలా ఇంద్రాణీ. ఇప్పుడు మళ్ళా అట్లనే అయితే? ఇట్లుంటే ఏమి? మనకి అలవాటైపోయినాది గదా. నాకి భయంగా ఉండాది. అంతే."

మూడేళ్ళుగా దిష్టిబొమ్మ అని ఏడిపించిన అత్త నోట ఆ మాట విని ఇంద్రాణి కుచ్చిళ్ళను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నాకీ భయమే అత్తా. కాని నాకి రెండు కండ్లూ మూసుకుని నిద్దరపోవాలని ఉండాది. వేరే ఏమీ వద్దు. అందం గిందం ఏమీ వద్దు. నిద్దరపోతే చాలు."

గోవిందమ్మ తలుపు వదిలేసింది. ఏదో గుర్తొచ్చినట్టు గుడ్డసంచిలో చేయి పెట్టి, చక్కగా మడిచి కాగితంలో చుట్టిన లుంగీ ఒకటి తీసి కవిప్రియ చేతిలో పెట్టింది. ఆపరేషన్ ఆపడానికి వచ్చిన మనిషి డాక్టరమ్మకు లుంగీ ఎందుకు తెచ్చిందని అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

"మీ నాయనకి" అంది. "మా కొట్లో ఇంతకంటే మేలైంది లేదు. బాగా చెయ్యి తల్లీ."

"ఊరికే తీసుకోకూడదమ్మా."

"ఊరికే ఎవురిచ్చినారు? ధర నా కోడల్ని అడుగు. లోపల చెప్తాది. నీకని తగ్గించే చెప్తాదిలే."

ఆ మాట ఎంత పని చేసిందో మీరే చూడండి.

* * *

రెప్పకు సూది వేసేటప్పుడు ఇంద్రాణి ఆరోకియమేరి చేయి పట్టుకుని పిసికేసింది. ఆ తర్వాత నొప్పి లేదు. ఎవరో కంటి మీద గుడ్డ మడతలు సర్దుతున్నట్టు మాత్రం తెలుస్తోంది. పాత కుట్ల దగ్గర గట్టిపడిన కండను కవిప్రియ నిదానంగా విడదీసింది. మూడేళ్ళుగా పైకి బిగిసి ఉన్న రెప్ప వదులైంది.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. రెప్పను ఎంత ఎత్తులో కట్టాలో మనిషి మెలకువగా ఉండి, కన్ను తెరిచి చూస్తేనే తెలుస్తుంది. అందుకే ముందు ఒక వదులు ముడి వేస్తారు, మనిషిని లేపి కూర్చోబెడతారు, రెండు కళ్ళూ సమానంగా ఉన్నాయో లేదో చూస్తారు. ఆ తర్వాతే బిగించే ముడి. గుమ్మానికి తోరణం కట్టేవాళ్ళు ఒక కొస వదులుగా ఉంచి, వెనక్కి జరిగి చూసుకుంటారు కదా, అలాగే.

బల్ల తలవైపు పైకి లేచింది. ఇంద్రాణి కూర్చుంది. ఎదురుగా కవిప్రియ స్టూలు మీద కూర్చుని, ముఖానికి ముఖం పెట్టింది.

"నన్నే చూడు. మామూలుగా. ఇంట్లో చూసినట్టు."

ఇంద్రాణి గట్టిగా ఊపిరి పీల్చుకుని, కనుబొమలు నెత్తికెక్కేలా చూసింది.

"అట్ల కాదు. నువ్వు భయపడతా ఉండావు. సుమ్మా, ఊరికే ఏమన్నా మాట్లాడుకుందాం" అంటూ కవిప్రియ ఏం మాట్లాడాలా అని ఒక్క క్షణం ఆలోచించింది. "ఆఁ, మీ అత్త ఇచ్చిన లుంగీ! ధర నిన్ను అడగమన్నాది గదా. ఎంత?"

ఇంద్రాణి చెప్పింది.

"అంతేనా? చేనేతేనా అది?"

"చేనేతే డాక్టరమ్మా. ఉతికే కొద్దీ మెత్తనవుతాది. బయట ఈ ధరకి రాదు."

కవిప్రియ ఆమె ఎడమ కన్నునే చూస్తోంది. "రెప్ప ఇంకా కిందికే ఉండాది మేరీ. ఇంకొంచెం ఎత్తాల" అని సూది అందుకుంది.

ఆ సూది ఇంకొక్కసారి దిగి, ఆ రెప్ప ఇంకాస్త పైకి వెళ్ళి ఉంటే, ఈ కథ మళ్ళీ మొదటికి వచ్చేది. గోవిందమ్మ భయపడ్డదంతా నిజమయ్యేది.

"గీతల లుంగీలూ ఇదే ధరేనా?" అని అడుగుతూ కవిప్రియ సూది పట్టుకున్న చేతిని పైకెత్తింది. ఎత్తిన చేయి అలాగే ఆగిపోయింది.

"ఉండు. కుడి కన్నుకేమైనాది? దాన్ని నేను ముట్టుకోను గూడా లేదే!"

ఎడమ రెప్ప వాలింది నిజమే. కాని ఏ రోగమూ లేని కుడి రెప్ప కూడా దానితో సమానంగా వాలి ఉంది.

కవిప్రియ సూది కింద పెట్టింది. "ఇంద్రాణీ, మీ ఊరేది?"

"గుడియాత్తం."

రెండు రెప్పలూ పైకి లేచాయి.

"మీ ఆయన పేరు?"

ఇంద్రాణి సిగ్గుపడింది. అయినా రెప్పలు దిగలేదు.

"గళ్ళ లుంగీ ఎంత?"

టక్కున దిగాయి రెండూ. ఆరోకియమేరికి నోటికి మాస్కు ఉన్నా నవ్వు ఆగలేదు.

"ఏంది డాక్టరమ్మా, ఏమైనాది?" ఇంద్రాణి కంగారుపడింది.

"ధర అడిగితే నీ కండ్లు ఎందుకు వాలిపోతా ఉండాయి?"

అప్పటిదాకా ఇంద్రాణికే తెలియదు ఆ సంగతి. కొంచెంసేపు ఆలోచించి, "మా మామ నేర్పించినాడు" అంది.

ఆమె మామ సుందరరాజులు, ఆ కొట్టు పెట్టిన మనిషి. ఇప్పుడు లేడు. కొత్తకోడలిని గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకుని ఆయన మొదట నేర్పింది గుడ్డ కొలవడం కాదు, మడవడం కాదు. చూడడం. "ధర చెప్పేటప్పుడు గిరాకీ కంట్లోకి చూడగూడదమ్మా. రెప్ప వాల్చుకోవాల. లేకుంటే ఇంకెంత దిగతామో మన కన్నే చెప్పేస్తాది" అనేవాడు. ఇంద్రాణి మంచి శిష్యురాలు. ఆయన బతికి ఉన్నంత కాలం ప్రతి గిరాకీ ముందూ రెప్ప వాల్చింది. చివరికి ఆమె మరిచిపోయినా రెప్ప మరిచిపోని స్థితికి వచ్చింది.

చెప్పడం ముగించి ఇంద్రాణి హఠాత్తుగా ఆరోకియమేరి చేయి మళ్ళీ పట్టుకుంది.

"డాక్టరమ్మా..."

"ఊఁ?"

"ఆ పెద్ద డాక్టరు గూడా ఇట్లనే కూర్చోబెట్టినాడు. నాది గుడియాత్తమని తెలిసినాక ఒకటే లుంగీల మాట. ఆయనకి లుంగీలంటే ప్రాణమంట. ఇదెంత, అదెంత, మొత్తంగా కొంటే ఎంత అని అడగతానే ఉన్నాడు. ఒక దినం మీ కొట్టుకి వస్తానమ్మా అని గూడా అన్నాడు. నేను చెప్తానే ఉన్నా..."

"నువ్వు చెప్తానే ఉన్నావు. నీ రెప్ప వాలతానే ఉన్నాది" అంది కవిప్రియ మెల్లగా. "వాలినప్పుడల్లా ఆయన ఎత్తతానే ఉన్నాడు."

మూడేళ్ళు. ఎన్ని చుక్కల మందులు, ఎన్ని మొక్కులు, ఎవరి దిష్టి తగిలిందో అని ఎన్ని మిరపకాయలు కాల్చారు! దానికంతటికీ కారణం ఒక లుంగీ ధర. ఏడవాలో నవ్వాలో ఇంద్రాణి నిర్ణయించుకునేలోపే నవ్వు వచ్చేసింది. భుజాలు కదిలిపోయేంత నవ్వు.

"నవ్వొద్దు, నవ్వొద్దు! దారం ఊడొస్తాది!" అని అరుస్తూ కవిప్రియ కూడా నవ్వేసింది. "ఆయన పక్క కన్నును గూడా చూసుకోవాల్సింది, అది ఆయన తప్పు. మీ మామ అంత బాగా నేర్పించకుండా ఉండాల్సింది, అది ఆయన తప్పు. నీ రెప్పకి మాత్రం బేరం బాగా తెలుసు."

నవ్వులు సరే, పని మిగిలే ఉంది. ఇప్పుడు ఇంద్రాణికి తన రెప్ప సంగతి తెలిసిపోయింది. తెలిశాక మామూలుగా చూడడం ఎవరివల్ల అవుతుంది? ఒకసారి గుడ్లు మిటకరించింది, ఒకసారి నిద్రమొహం పెట్టింది. మత్తు ఎంతోసేపు నిలవదు. కవిప్రియ నుదురు ముడుచుకుంది.

"సెరి, ఇది చెప్పు. నువ్వు అమ్మేటప్పుడు కింద చూస్తావు. కొనేటప్పుడు యాడ చూస్తావు?"

"అమ్మేవాళ్ళ కండ్లలోకి" అంది ఇంద్రాణి తడుముకోకుండా. "రెప్ప వాలిందా లేదా అని చూడాల గదా!"

కవిప్రియ ముఖం వెలిగిపోయింది. స్టూలు దగ్గరికి జరుపుకుని, గొంతు సవరించుకుని, డాక్టర్ల మర్యాదంతా పక్కన పెట్టింది.

"వంకాయమ్మా, వంకాయ! ముళ్ళ వంకాయ! ఇప్పుడే తోటలో నుంచి కోసుకొచ్చినా. కిలో నూటయాభై!"

"నూటయాభైయా!" ఇంద్రాణి ఉలిక్కిపడింది. "యాడన్నా ఉండాదా ఈ అన్యాయం? వంకాయలా, వెండి గిన్నెలా?"

"చేత్తో పట్టుకుని చూడు. ఒక్కటన్నా పుచ్చుందేమో చెప్పు."

"పట్టుకుంటే ముళ్ళు గుచ్చుకుంటాయి. యాభైకి ఇస్తే ఇయ్యి, లేకుంటే పోతా ఉండాను."

"పో. యాభైకి కాడలు వస్తాయి."

"అక్కా, సత్తువాచారిలో అరవైకే పోస్తా ఉండారు" అని ఆరోకియమేరి పక్క నుంచి అందించింది.

"మేరీ! నువ్వు నా పక్కా, ఆ పక్కా?"

"నేను గూడా కొనేదాన్నే కదా డాక్టర్."

ఇంద్రాణి చూపు కవిప్రియ కళ్ళను వదలడం లేదు. ఏమాత్రం తగ్గుతుందో కనిపెట్టాలని రెండు కళ్ళూ ఒక్కటిగా, తేటగా, నిలకడగా చూస్తున్నాయి. ఎడమ రెప్ప కుడి రెప్పకు ఒక్క నూలుపోగంత పైన ఉంది. కవిప్రియ ఆ కాస్తా వదులు చేసింది. సమానమైంది.

"నూరు. కడాపటి మాట."

"డెబ్బై. కరివేపాకు కొసరు వేయాల."

"కదలొద్దు... ఇంకా గట్టిగా అడుగు..."

"కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు గూడా! పొద్దున్నే మొదటి బేరం, కాదనగూడదు!"

"సెరి, తీసుకో పో!" అంటూ కవిప్రియ ముడి బిగించి, దారం కత్తిరించింది.

"అయిపోయినాదా? బేరమా, ఆపరేసనా?"

"రెండూ" అంది కవిప్రియ.

బయట బెంచీ మీద కూర్చున్న గోవిందమ్మకు లోపలి కేకలు సగం సగం వినిపించాయి. "ఏమిరా దీపా, లోపల కన్ను కోస్తా ఉండారా, వంకాయలు కోస్తా ఉండారా?" అని అడిగింది. దీపన్ జవాబు కోసం నోటీసు వైపు చూశాడు. అందులోనూ లేదు.

* * *

మరునాడు పొద్దున కట్టు విప్పారు. రెప్ప వాచి, కమిలి, నేరేడుపండు రంగులో ఉంది. గోవిందమ్మ చూసి పెదవి కొరుక్కుంది.

"వాపు తగ్గిపోతాది, దాన్ని చూసి భయపడొద్దు" అంది కవిప్రియ. "ఇంద్రాణీ, కండ్లు మూయి."

ఆ మాట కోసమే మూడేళ్ళుగా కాచుకుని ఉన్న మనిషి, తీరా విన్నాక కదలలేకపోయింది. మూతపడకపోతే? దీపన్ ఆమె చేయి పట్టుకున్నాడు. ఇంద్రాణి మూసింది. కుడి రెప్ప ఎప్పటిలాగే టక్కున పడింది. ఎడమది వాపుతో బరువుగా, మెల్లగా, నడక నేర్చే పిల్లలా దిగుతూ దిగుతూ కింది రెప్పను చేరుకుంది.

"అత్తా" అంది ఇంద్రాణి. "చీకటిగా ఉండాది."

"అయ్యో దేవుడా!" గోవిందమ్మ గుండెల మీద చేయి వేసుకుంది. "చూపు పోయినాదా? నేను చెప్తే విన్నారా? డాక్టరమ్మా, ఏం చేసినావే..."

"కండ్లు మూసుకుంటే చీకటే గదా అత్తా!" ఇంద్రాణి కళ్ళు తెరవకుండానే నవ్వుతోంది. ఆ మూసిన రెండు రెప్పల కింది నుంచీ నీళ్ళు కారుతున్నాయి. "మొత్తం చీకటి. ఎన్నాళ్ళైనాదో! ఎంత బాగుండాదో!"

గోవిందమ్మ వెళ్ళి కవిప్రియ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. ఆ తర్వాత, అవ్వ అన్నందుకు క్షమించానని చెప్పింది.

తిరుగు బస్సులో ఈసారి సీటు దొరికింది. బస్సు ఊరు దాటకముందే ఇంద్రాణి తల గోవిందమ్మ భుజం మీద వాలిపోయింది. గోవిందమ్మ మెడ తిప్పి చూసింది. రెండు కళ్ళూ మూసుకుని ఉన్నాయి. చిన్నపిల్లలు పడుకున్నట్టు, నోరు కాస్త తెరుచుకుని, గుర్రు కూడా పెడుతూ కోడలు నిద్రపోతోంది. పళ్ళికొండ దగ్గర డ్రైవరు పాటల మోత పెంచాడు. కండక్టరు "టికెట్, టికెట్" అని అరుస్తూ వచ్చాడు. గోవిందమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుని కండక్టర్ని ఒక చూపు చూసింది. కోడలి కన్ను సరైపోయినా, ఆ ఉరిమే చూపు ఇంట్లో ఇంకొకరికి వచ్చినట్టుంది. పాట ఆగింది. గుడియాత్తం దాకా ఆ బస్సులో అందరూ గుసగుసగానే మాట్లాడుకున్నారు.

కుట్లు తీశాక, వాపు పూర్తిగా పోయాక, ఒక మంచిరోజు చూసుకుని ఇంద్రాణి కొట్లో కూర్చుంది. సంగతి బజారంతా ముందే పాకింది. ఇన్నాళ్ళు నోరు మూసుకుని పోయినవాళ్ళందరూ కసి తీరా బేరమాడడానికి వచ్చారు. ఇంద్రాణి ధర చెబుతుంటే రెండు రెప్పలూ ఒక్కసారిగా, అందంగా వాలుతున్నాయి. ఆ వాలడంలో గోవిందమ్మకు భర్త కనిపించాడు. అరిచి అరిచి గొంతు పోయిందని మధ్యాహ్నానికే ఫిర్యాదు మొదలుపెట్టింది గాని, గల్లాపెట్టె ముందు నుంచి లేచిందే లేదు. ఆమె అంత సంతోషంగా ఉండి ఎన్నేళ్ళైందో.

సాయంత్రం గిరాకీ కాస్త పలచబడింది. ఇంద్రాణి తల వంచుకుని విప్పిన లుంగీలు మడుస్తోంది. ఎవరో మెట్లెక్కి వచ్చి, వరస మీదున్న గళ్ళ లుంగీని రెండు వేళ్ళతో నలిపి చూశారు. గుడ్డ తెలిసినవాళ్ళు నలిపే తీరు అది.

"ఇది ఎంతమ్మా?"

ఇంద్రాణి చేతులు ఆగిపోయాయి. ఆ గొంతు ఆమెకు తెలుసు. కళ్ళు మిరుమిట్లుగొలిపే దీపం కింద కూర్చుని, మూడేళ్ళ కిందట ఇదే ప్రశ్న ఇదే గొంతులో ఎన్నిసార్లు విందో. ఒక దినం మీ కొట్టుకు వస్తానమ్మా అన్న మనిషి మాట నిలబెట్టుకున్నాడు. జుట్టు ఇంకాస్త నెరిసింది. బంగారు ఫ్రేము కళ్ళద్దాలు అవే. ఎదుట ఉన్నది ఎవరో ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"ఎంతమ్మా?" అన్నాడు మళ్ళీ.

రెప్పలు వాలడం మొదలుపెట్టాయి. ఇంద్రాణి వాటిని సగంలో ఆపింది. తల ఎత్తి, రెండు కళ్ళతో ఆయన కళ్ళలోకి నేరుగా చూసి, ధర చెప్పింది. అసలు ధరకు రెండింతలు చెప్పింది.

ఆయన బేరమాడలేదు. కళ్ళద్దాలు తీసి, గుడ్డల వరస మీదికి వంగి, ఆమె ఎడమ రెప్పను చూశాడు. కుడి రెప్పను చూశాడు. మళ్ళీ ఎడమదాన్ని చూశాడు. చేతిలోని లుంగీ జారిపోయింది.

"అమ్మా, ఈ రెప్ప కట్టింది ఎవరు?"

వెనక గల్లాపెట్టె మూత దభీమని పడింది. గోవిందమ్మ లేచి నిలబడి, కొంగు నడుముకు దోపుకుంది.